హాపు పూవునకు మాఱు

ఈ సంచికకై వ్యాసము వ్రాయుడని సంఘమువారు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. పరదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములవారు చదువు పుటలలో కూచిపూడిని గూర్చియు, ఉగాదిని గూర్చియు, పిల్లలకు తెలుగు నేర్పు విధమును గూర్చియు పెద్దలు వ్రాయుట వాడుక. మాకు చక్కగా తెలిసిన విషయ మొక్కటే. అది ఇంట బీరు కాచుకొనుట. అందు పరిమళము కొఱకు వేయు హాపు పూవును ఎన్నుకొనుట. అది దొరకనినాడు దానికి మాఱు వెదకుట. ఇట్టి విషయము ఇచట తగునా యని కొందఱు ముఖము చిట్లింపవచ్చును. అట్లు చిట్లించినవారిలో మొదటివారు మా తల్లిగారే. ఆమెను గూర్చి చెప్పవలెననియే ఈ వ్యాసమునకు పూనుకొంటిమి. మేమనగా దంపతుల మిద్దఱము. ఒకరికి కన్నతల్లియు, ఒకరికి అత్తగారును అయిన ఆమెను ఇరువురమును అమ్మ యనియే పిలిచితిమి.

మాది యానాము. గౌతమి సముద్రమును చేరబోవు చోట, కోరంగికి సమీపమున నున్న చిన్న పట్టణ మది. నలువైపుల ఆంధ్రదేశము, పాలన మాత్రము ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న పుదుచ్చేరిది. ఫ్రెంచివారు 18వ శతాబ్దిలో అచట వర్తకశాల నెలకొల్పిరి. 1954లో వారి యధికారము తొలగెను. 1962లో ఆ మార్పు చట్టరీత్యా పూర్తియయ్యెను. పాలన వేఱగుటచే మద్యమునకు సంబంధించిన చట్టములును వేఱు. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చినప్పుడు యానాములోని దుకాణములు మూతపడలేదు. ప్రొద్దు వాలునప్పటికి సరిహద్దున కావలి యూళ్ళ జనము మా వీథులలో కనబడుచుండెడివారు.

అట్లు వచ్చినవారిలో మా మేనమామ యొకడు. తాళ్ళరేవులో కాపురము. సాయంకాలము వచ్చి, త్రాగి, అక్కయింట భోజనము చేసి పోయెడివాడు. క్రమముగా పోవుట మానెను. అమ్మ గద్దించెను, బ్రతిమాలెను, ఒట్టు పెట్టించుకొనెను. ఏదియు ఫలింపనప్పుడు పెరటిలో నూతిగోడ ప్రక్క చేరిన ఖాళీ సీసాలను ప్రతి యుదయమును లెక్కించుట మొదలిడెను. ఆ లెక్కవలన ప్రయోజన మేమని అప్పుడు మాకు తోచలేదు. 1997లో నిషేధము సడలెను. ఆ యేడే ఆయన కాలము చేసెను. అటుపిమ్మట మా యింట మద్య మను మాట యెత్తినవారు లేరు.

మేము 1998లో ఇంగ్లండునకు వచ్చి, కొన్నాళ్ళకు తూర్పు కెంటు ప్రాంతమున స్థిరపడితిమి. అది హాపు తోటల నేల. ఎత్తైన కంబములనుండి వ్రేలాడదీసిన త్రాళ్ళ వెంట ఈ తీగ వేసవిలో పదునైదు, పదునాఱు అడుగులు ప్రాకును. సెప్టెంబరు నాటికి ఆడుతీగకు లేతపచ్చని పూగుత్తులు పండును. ఱేకులు విప్పి చూచినచో మొదట పసుపుపచ్చని జిగురుపొడి కనబడును. చేదును పరిమళమును ఆ పొడియందే యున్నవి. ఈ తీగకు పెరుగు కాలమున దీర్ఘమైన పగళ్ళు కావలెను. కావుననే మన గోదావరి తీరమున అది పండదు. భారతదేశమున హిమాచలములోని లాహౌల్ లోయలో దానిని సాగు చేసినారు.

మా ప్రక్కయింట నొక వృద్ధుడు ఉండెడివాడు. తన బాల్యమున సెప్టెంబరు వచ్చినచో లండను నగరపు కూలి కుటుంబములు పిల్లలతోను, వంటపాత్రలతోను హాపు కోతకు దిగివచ్చెడి వైనమును ఆయన కథలుగా చెప్పెడివాడు. మాకు బీరు కాచుట నేర్పినది ఆయనయే. ఆ దేశమున ఇంట త్రాగుటకు కాచుకొనువారికి అనుమతిపత్రపు నిర్బంధము 1963లో తొలగినది. అమ్ముట మాత్రము కూడదు. మన దేశమున నున్న బంధువు లెవరైన దీనిని చదివి యత్నింతురేమో! అచట అనుమతి లేక ఇంట మద్యము చేయుట నేరమని ముందుగనే మనవి చేయుచున్నాము.

ఇక పనితీరు. మొలకెత్తించి యెండించిన యవలను వేడినీట నానబెట్టి తీసిన తీపిరసమును గంటసేపు మరిగింతుము. మా కుండలో ఒక్కసారికి 23 లీటర్లు పట్టును. మరుగు మొదట వేసిన హాపు చేదునిచ్చును; దాని పరిమళ మావిరితో పోవును. చివరి నిమిషములయందో, పొయ్యి ఆర్పిన పిమ్మటనో వేసిన హాపు పరిమళము నిచ్చును, చేదు స్వల్పము. దీనిని గ్రహించుటకు మనవారికి కష్టము లేదు. మెంతులు పోపులో మొదట పడును. కొత్తిమీర చారు దింపిన పిదప పడును. వెంటనే మూత పడును. కొత్తిమీరను గంటసేపు మరిగించు ఇల్లాలు మన యిండ్లలో లేదు గదా! రసము చల్లారిన పిమ్మట ఈస్టు కలిపి పులియబెట్టుదుము. తర్వాత సీసాలకెత్తి రెండుమూడు వారములు కదల్పక యుంచుదుము.

హాపు లేని బీరు పూర్వ మెల్లెడల నుండెను. ఉత్తర యూరపువారు కొన్ని చిత్తడినేలల ఆకులను, అడవి మూలికలను కలిపి వాసన కట్టెడివారు. హాపు బీరును చెడనీయదని 12వ శతాబ్దిలోనే హిల్డెగార్డ్ అను జర్మను సన్న్యాసిని వ్రాసియున్నది. 1516లో బవేరియా పాలకులు యవలు, హాపు, నీరు తప్ప మఱేమియు కలుపరాదని శాసించిరి. లండను నుండి ఓడలలో మదరాసు, కలకత్తా రేవులకు వచ్చిన బీరు పీపాలలో అదనముగా హాపు వేసి పంపుటయు ఈ గుణముచేతనే. కావున ఈ పూవు మన తూర్పుతీరమునకు బొత్తిగా క్రొత్తది కాదు. పీపాలలో ఏనాడో వచ్చిపోయినది.

మా వృద్ధ గురువు వ్రాసియిచ్చిన పాకములో చివర వేయునది ఈస్టు కెంటు గోల్డింగ్ అను రకము, 50 గ్రాములు. ఏండ్ల తరబడి దానినే వేసితిమి. మఱియొక దానిని గూర్చి ఆలోచింప నవసరము కలుగలేదు. 2008లో కలిగెను. చాలకాలము గిట్టుబాటు ధర లేక అనేక దేశముల రైతులు హాపు తోటలను తీసివేసియుండిరి. 2006 అక్టోబరులో అమెరికాలోని యాకిమాలో హాపు నిలువయున్న గోదాము కాలిపోయెను. కొన్నిచోట్ల పంటలు దెబ్బతినెను. ప్రపంచమంతట కొఱత వచ్చి ధరలు పెక్కురెట్లు పెరిగెను. ఉన్న పంట పెద్ద బీరు కర్మాగారములకు పోగా, మావంటి వారికి పొట్లములు అందకపోయెను. ఏటి యొడ్డున కూర్చుండి దాహమునకు నీరు దొరకనివారి వలె, గోల్డింగ్ తోటల నడుమ కాపురముండి గోల్డింగ్ లేక చేతులు ముడుచుకొంటిమి.

అప్పుడు మేము చదువుకొన్నవారు చేయు పొరపాటే చేసితిమి. పొట్లముల మీద ఆల్ఫా ఆమ్లము నూటికింత యని అచ్చువేసియుందురు. అది చేదును కొలుచు అంకె. చేదు కొఱకైనచో ఈ లెక్క చక్కగా కుదురును: నూటికి 5 వంతులున్న హాపు 40 గ్రాములకు మాఱుగా, 10 వంతులున్నది 20 గ్రాములు చాలును. మా యంగడిలో అడుగున మిగిలిన కాస్కేడ్ అను అమెరికా రకము దొరికెను. అంకె గోల్డింగ్ అంకెకు సరిపోయెను. అదియునుగాక, ఆ రకము ఇంగ్లండు హాపైన ఫగుల్ వంశమున పుట్టినది. అంకె కుదిరినది, వంశము కుదిరినది, ఇక నేమి కావలెనని 50 గ్రాములును వేసితిమి. మూడు వారములకు సీసా తెఱచినచో గుప్పున పంపరపనస తొక్క వాసన! గురువుగారు ఒక గ్రుక్క త్రాగి, మెల్లగా గ్లాసు దించి, "బాగున్నది, కాని దీనిని నా పాకమని మాత్రము చెప్పకుడు" అనిరి.

రెండవసారి పేరును నమ్మితిమి. స్టిరియన్ గోల్డింగ్ అనునది దొరికెను. గోల్డింగ్ అని పేరులోనే యున్నది గదా యని తెచ్చితిమి. తెచ్చిన పిదప తెలిసినదేమన, అది గోల్డింగే కాదు. ఇంగ్లండు నుండి ఫగుల్ మొక్కలు ఆ మధ్య యూరపు లోయలకు పోయినప్పుడు పొరపాటున గోల్డింగ్ అను పేరు వెంట పోయినది. నేడు స్లొవేనియాలో ఆ పేరుతోనే పండుచున్నది. పొట్లము విప్పి ఏమి చేయుదుమా యని కూర్చుంటిమి.

ఆ వేసవిలో అమ్మ యానాము నుండి వచ్చియుండెను. వచ్చిన మఱునాడే మెట్ల క్రింది సీసాలను చూచెను. మేము ఊపిరి బిగబట్టితిమి. ఆమె కోపపడలేదు. వంగి, వ్రేలితో ఒక్కొక్కటే తాకుచు లెక్కించి, "నలభై ఒకటి. రేపు మళ్ళీ చూస్తాను" అనెను. అంతియే. చెప్పినట్లు మఱునాడు చూచెను, ప్రతిదినము చూచెను. బీరు కాచు దినమున వంటింటిలోనికి అడుగు పెట్టెడిది కాదు. తన కాఫీ తానే ముందుగా కలిపికొని పెరటిలో కూర్చుండెడిది. ఆ మౌనము మాకు గద్దింపుకన్న బరువుగా తోచెను. ఇక ఈ పనియే మానుదమని ఒక రాత్రి అనుకొంటిమి కూడ.

స్టిరియన్ పొట్లము విప్పిన నాడు గురువుగారు తన మంచుపెట్టెలో మిగిలిన పాత గోల్డింగ్ పిడికెడు తెచ్చియిచ్చిరి. కాచుటకు చాలదు, వాసన పోల్చి చూచుటకు మాత్రమే. మేము మూడు రకములను మూడు పళ్ళెములలో పోసి, పొట్లముల మీది అంకెలు చదువుచు తర్కించుచుంటిమి. గుమ్మమునొద్ద అమ్మ నిలుచుండెను. "పొట్లం మీద చదివితే వాసన తెలుస్తుందిట్రా? నలిపి చూడండి" అని లోనికి వచ్చెను.

అరచేతులలో నొక్కొక్కటి నలిపి, ముక్కునొద్ద నుంచి, కన్నులు మూసికొని చూచెను. తరువాత మేము చదివిన గ్రంథములలో బీరు కాచు పెద్దలు హాపు కొనునప్పుడు చేయు పరీక్ష యిదియే! గోల్డింగును చూచి, "దీనికి పైన ధనియాల వాసనుంది, అడుగున మిరియముంది" అనెను. స్టిరియన్ చూచి, "దీనికి అడుగుంది, పై వాసన లేదు. తడిమట్టిలా ఉంది" అనెను. కాస్కేడ్ చూచి నవ్వి, "ఇది పంపరపనసే. దీనికీ దానికీ చుట్టరికమే లేదు" అనెను. అది ఫగుల్ వంశమునకు మనుమరాలి వంటిదని మేము చెప్పగా, "అయితే ఏం? అమ్మమ్మ ముక్కే మనవరాలికి రావాలని ఉందా?" అనెను.

ఆమె రసాయనశాస్త్రము చదివినది కాదు. కాని ఆమె ముక్కు చెప్పినది శాస్త్రసమ్మతమే. ధనియాల పరిమళమునకు ముఖ్యకారణమైన లినలూల్ అను పదార్థము హాపు తైలమునందును కలదు. మిరియముల తైలములోని కారియోఫిలీన్ కూడ హాపులో కలదు. దానితో కూడియుండు హ్యూములీన్ అను మఱియొక పదార్థమునకు హాపు తీగ శాస్త్రనామమును బట్టియే పేరు వచ్చినది. మిర్సీన్ అనునది పచ్చివాసన నిచ్చి, మరుగునప్పుడు త్వరగా ఎగిరిపోవును. ఏ రకమునందు వీని పాళ్ళెట్లున్నవో దానినిబట్టి దాని పరిమళము. ఆల్ఫా అంకె వీనిలో దేనిని గూర్చియు చెప్పదు. కావుననే చేదునకు మాఱు లెక్కతో దొరకును. పరిమళమునకు మాఱు లెక్కతో దొరకదు.

"మరి దీనికి పై వాసన ఎలాగమ్మా?" అని యడిగితిమి. "లేకపోతే కలపాలి. ఏముంది, గుప్పెడు ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, దింపాక వేసి మూత పెట్టండి" అనెను. బీరులో ధనియాలా యని ఇద్దఱమును ఒకరి మొగ మొకరు చూచుకొంటిమి. పిదప విచారింపగా, బెల్జియమువారు తమ గోధుమ బీరులో ధనియాలను, నారింజ తొక్కను తరతరములుగా వేయుచున్నారని తెలిసినది.

మఱునాడు స్టిరియన్ 40 గ్రాములును, దంచిన ధనియాలు 12 గ్రాములును పొయ్యి ఆర్పిన పిమ్మట వేసి, ఇరువది నిమిషములు మూత పెట్టితిమి. అమ్మ చెప్పిన గుప్పెడు వేయుటకు మాకు ధైర్యము చాలలేదు. మొదటి వారమున తెఱచిన సీసాలో ధనియాలే ముందు పలికినవి. మూడవ వారమునకు అణగి, హాపుతో కలిసి, ఒక నిండుదనము వచ్చినది. గురువుగారు త్రాగి, "ఇది గోల్డింగ్ కాదు, కాని మంచి బీరు" అనిరి. ఆ వాక్యములో రెండు భాగములును మాకు తృప్తి కలిగించినవి.

ఆనాడే అమ్మకు ఈ తీర్పును చెప్పగా ఆమె పులస మాట యెత్తినది. వరద గోదావరిలో ఎదురీదివచ్చు పులసకు మా యానాము పెట్టినది పేరు. అదే చేప సముద్రములో నున్నంతకాలము విలస. నదిలోనికి వచ్చి ఆ నీటి రుచి పట్టినపుడు పులస. పులస దొరకనినాడు మా యింట విలసయే వండెడివారు. "విలసని పులస అని అమ్మేవాడు దొంగ. విలస అని చెప్పి వండిపెట్టినవాడు దొంగ కాదు. దానికి తగ్గట్టు పులుసు పెట్టడం తెలిస్తే చాలు" అనెను. మాఱు వెదకు విద్యలో ఇంతకు మించిన సూత్రమును మేము నేటివఱకు చదువలేదు. అసలు వస్తువు ఏ పనికి నిలిచినదో ముందు తెలిసికొనవలెను. ఆ పనికి క్రొత్త వస్తువునం దేమున్నది, ఏమి లేదు అని నలిపి చూడవలెను. లేనిదానిని వేఱొకదానితో పూరింపవలెను. గాఢమైన దానిని సగము వేసి ఆరంభింపవలెను. పాతబడి జున్నువలె కంపుకొట్టు హాపును ఎంత చౌకయైనను పాఱవేయవలెను. పిమ్మట సీసా మీద నిజమైన పేరు వ్రాయవలెను.

పేర్లను గూర్చి యొక మాట. యూరపున పేరుగన్న పరిమళపు హాపులకు ఊళ్ళ పేర్లో, సీమల పేర్లో పేర్లు: చెకు దేశపు సాజ్, జర్మనుల హాలర్టౌ, టెట్నాంగ్, స్పాల్ట్. దీనిని చదివినప్పుడు మాకు కోరంగి జ్ఞప్తికి వచ్చినది. మా యానాము ప్రక్కనున్న ఆ రేవు 1789, 1839 సంవత్సరముల ఉప్పెనలతో పాడయ్యెను. కాని ఆ తీరము నుండి ఓడలెక్కిపోయిన తెలుగువారిని బర్మాలో కోరంగీలనియే పిలిచిరి. ఏ యూరివారైనను, ఏ కులమువారైనను, పేరు మాత్రము కోరంగి. స్టిరియన్ గోల్డింగ్ వలె పొరపాటు పేరును మోసికొని పోయి, పోయినచోట ఆ పేరుతోనే వేళ్ళూనుకొన్నారు. మన సంఘపు పిల్లలు కెంటు నేల మీద పెరుగుచు మాటాడు తెలుగును విని, ఇది మన తెలుగు కాదని మేమును ఒకప్పుడు నిట్టూర్చితిమి. అడుగు వాసన యున్నదో లేదో నలిపి చూచితిమా యని ఇప్పుడు మమ్ము మేమే ప్రశ్నించుకొనుచున్నాము. ఉన్నచో, పై వాసన కలుపవలసిన బాధ్యత మనది. అది పులస యని బొంకనక్కఱలేదు. విలస యని చులకన చేయనక్కఱయు లేదు.

అమ్మ ఆ బీరు నొక చుక్కయు ముట్టలేదు. అక్టోబరులో యానామునకు మరలుటకు ముందు రాత్రి, ఆ లెక్క యెందుకమ్మా యని సాహసించి అడిగితిమి. కొంతసేపు ఊరకుండి ఇట్లు చెప్పెను. "మీ మావయ్య సీసాలు రోజూ లెక్కపెట్టేదాన్ని. నేను లెక్కపెడుతున్నానని వాడికి తెలుసు. సిగ్గుకైనా ఒకటి తగ్గించేవాడు. ఒకనాడు విసుగొచ్చి మానేశాను. ఆ నెలలోనే పోయాడు." తన లెక్కవలన ఆయన బ్రతికెడివాడని ఆమె నమ్మినదో లేదో మాకు తెలియదు. కాని తాను లెక్క మానినదానికి ఆమె తన్ను తాను మన్నించుకొనలేదని మాత్రము తెలిసినది.

అటుపై ప్రతి ఆదివారము ఫోనులో క్షేమసమాచారములకు ముందే ఆమె అడుగు ప్రశ్న, "ఎన్ని మిగిలాయి?" మేము మెట్ల క్రిందికి పోయి చూచి చెప్పెడివారము. వారమునకు నాలుగు తగ్గినచో ఏమియు అనెడిది కాదు. ఏడు తగ్గిన వారమున "చుట్టాలొచ్చారా?" అని అడిగెడిది. ఆ ప్రశ్నకు జడిసి మేము చేయి వెనుకకు తీసికొన్న సాయంకాలములు కలవు.

2015లో అమ్మ కన్నుమూసెను. గోల్డింగ్ హాపు మరల దొరకుచున్నది. అయినను ఏటికొకమారు స్టిరియన్‌తో, ధనియాలతో కాచి, సీసాల మీద "యానాము పాకము" అని తెలుగున వ్రాయుచున్నాము. హాపు పూవునకు మాఱు వెదకి పట్టితిమి గాని, ఆదివారపు ప్రశ్నకు మాఱు మాకు దొరకలేదు. కావున మెట్ల ప్రక్క గోడకు క్యాలెండరు తగిలించి, ప్రతి ఆదివారమును లెక్క మేమే వ్రాసికొనుచున్నాము. ఈ వ్యాసము ముగించు నాటికి ఇరువదియేడు మిగిలినవి.